వర్తకుల ఫైళ్లకు కాపు

మార్కాపురపు పలకరాయి సముద్రములు దాటి పోవుచున్నది. దానివెంట బోవు బిల్లులు, బ్యాంకు పత్రములు నేడు ఫైళ్లే. చంద్రశేఖరపురమున గూర్చున్న వర్తకుడును కూలివాండ్ర ఆధారు నకళ్లను వాట్సాపులో క్షణమున బంపగలడు. దారిలో నవి గుప్తముగనే యుండును. చేరినపిమ్మట నెవ్వరెవ్వరి చేతుల బడినవో చెప్పు చిట్టా యేది?

ఆ చిట్టా వ్రాయుచు, గ్రహీతను గుర్తించి, గూఢలిపిలో ఫైళ్లను జేర్చు సాధనములు గలవు. అవియు నభేద్యములు గావు. 2023 మే నెలలో మూవిట్ అను సాధనపు లోపమును, దిద్దుబాటు వెలువడకమునుపే, క్లాప్ ముఠా కనిపెట్టి రెండువేలకు మించిన సంస్థల సమాచారమును దోచెను. సర్వరులో నిలువయున్న ఫైళ్లే దొంగలకు జిక్కినవి. పని ముగియగానే తుడిచివేసిన ఫైలును దోచువాడెవడు?

అదే యేటి మన శాసనము, వ్యక్తుల సమాచారమునకు తగిన రక్షణ జూపని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా నిర్ణయించినది. ఒక్కొక్క వర్తకునికి భారమగు నీ యేర్పాటును వర్తకసంఘములే యుమ్మడిగా జేయరాదా?