పదేళ్ల ఒప్పందం – నాలుగేళ్ల కాపురం

మన సంస్థలో ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే బదిలీల కాలం వచ్చినట్లే. ఎవరు ఎక్కడికి వెళుతున్నారు, వారి స్థానంలో ఎవరు రాబోతున్నారు అనే చర్చ క్యాంటీన్‌లోని టీ కంటే వేడిగా సాగుతుంది. ఉత్తర్వు ఇంకా టైపు కాకమునుపే దాని నకలును కళ్లారా చూశామనే వారు పదిమంది తేలుతారు. ఇటువంటి ఊహాగానాలు మనకే ప్రత్యేకమని ఇన్నాళ్లూ అనుకునేవాణ్ణి. 2025 నవంబరులో మా అమ్మాయి ఫోనులో చెప్పిన సంగతులు విన్నాక ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసి వచ్చింది.

తాను అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతోంది. "నాన్నా, మా ల్యాబులో పది రోజులుగా ఎవరూ థీసిస్ మాట ఎత్తడం లేదు. కొత్త ఫుట్‌బాల్ కోచ్ వస్తాడా, రాడా అన్నదే మాట. ఏ ఊరినుంచి ఏ విమానం బయలుదేరిందో కంప్యూటర్‌లో చూసి మరీ లెక్కలు కడుతున్నారు" అంది. ఒక క్రీడా శిక్షకుని ఉద్యోగం గురించి ఇంత ఆరాటమా అని నాకు ఆశ్చర్యం కలిగింది. కుతూహలం కొద్దీ ఆ విషయమై కొంత చదివాను. చదివినకొద్దీ అది కేవలం ఆటకు సంబంధించినది కాదనీ, మనుషులను నమ్ముకుని నడిచే ప్రతి సంస్థకూ వర్తించేదేననీ తోచింది. ఆ ఆలోచనలను పాఠక మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట – ఆర్భాటం

ముందుగా ఒక మాట. ఇది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని, శిరస్త్రాణాలు, భుజకవచాలు ధరించి, నూరు గజాల మైదానంలో జట్టుకు పదకొండుమంది చొప్పున ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీలకు అక్కడ ఉన్న ఆదరణ మన ఊహకు అందదు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఉన్న బేటన్ రూజ్ నగరంలోని టైగర్ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. ప్రతి జట్టూ సెప్టెంబరు నుంచి నవంబరు చివరి వరకు ప్రధానంగా శనివారాలలో పన్నెండు పోటీలు ఆడుతుంది. 2024 నుంచి ఉత్తమంగా నిలిచిన పన్నెండు జట్లకు జాతీయ స్థాయిలో అంతిమ పోటీలు జరుగుతున్నాయి.

టెలివిజన్ ప్రసార హక్కులు, టిక్కెట్లు, పూర్వ విద్యార్థుల విరాళాల రూపంలో విశ్వవిద్యాలయాలకు అపారమైన ధనం సమకూరుతుంది. ఆ ధనప్రవాహానికి ఆనకట్ట వద్ద తలుపులు తిప్పేవాడు ప్రధాన శిక్షకుడు. అనేక రాష్ట్రాలలో అత్యధిక వేతనం అందుకునే ప్రభుత్వోద్యోగి గవర్నరు కాదు, విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ శిక్షకుడే అంటే ఆ పదవి ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఒప్పందంలోని మర్మం

ఇంజనీరుగా టెండర్లు, ఒప్పంద పత్రాలతో ముప్పై ఏళ్లకు పైగా సహవాసం చేసినవాణ్ణి గనుక నన్ను ఎక్కువగా ఆకర్షించింది ఆ ఒప్పందాల నిర్మాణం. ప్రధాన శిక్షకుని ఒప్పందంలో మూలవేతనం, ప్రసార కార్యక్రమాల పారితోషికం, విజయాలకు బోనసులు, పదవిలో కొనసాగినందుకు మరికొంత సొమ్ము ఉంటాయి. వీటన్నింటికంటె ముఖ్యమైనది 'బైఅవుట్' అనే నిబంధన. ఇది రెండువైపులా పదునున్న కత్తి. దుష్ప్రవర్తన వంటి తగిన కారణం చూపకుండా, ఆట ఫలితాలు నచ్చలేదని గడువుకు ముందే తొలగిస్తే విశ్వవిద్యాలయం మిగిలిన సంవత్సరాల వేతనంలో అధిక భాగమో, మొత్తమో చెల్లించాలి. శిక్షకుడు తానే విడిచి వెళితే అతడు, లేదా అతణ్ణి తీసుకునే కొత్త విశ్వవిద్యాలయం, పాత సంస్థకు నిర్ణీత పరిహారం చెల్లించాలి.

మన కాంట్రాక్టులలోని ఎల్.డి. క్లాజుకు ఇది దగ్గరి చుట్టం. అయితే మన ఎల్.డి. సాధారణంగా పని విలువలో ఐదు నుంచి పది శాతం వద్ద ఆగిపోతుంది. అక్కడ అటువంటి హద్దు లేదు. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం 2017 డిసెంబరులో జింబో ఫిషర్‌ను పదేళ్లకు ఏడున్నర కోట్ల డాలర్ల ఒప్పందంపై నియమించింది. 2020లో జట్టు పదింట తొమ్మిది పోటీలు గెలిచిన ఉత్సాహంలో 2021లో ఆ ఒప్పందాన్ని 2031 వరకు పొడిగించి, వేతనం కూడా పెంచింది. తరువాతి ఫలితాలు ఆశించినట్లు లేకపోవడంతో 2023 నవంబరు 12న ఆయనను తొలగించింది. చెల్లించవలసి వచ్చిన పరిహారం సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో ఆరు వందల కోట్ల రూపాయలకు పైమాటే. పొడిగించకపోయి ఉంటే ఆ భారం అందులో సగమైనా ఉండేది కాదు.

అన్ని ఒప్పందాలూ ఒకే తీరున ఉండవు. కొన్నింటిలో తొలగింపబడిన శిక్షకుడు మరొక ఉద్యోగం వెదకికోవాలనీ, అక్కడి వేతనాన్ని పరిహారంలోంచి మినహాయించాలనీ ఉంటుంది. 2025 అక్టోబరు 12న పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తొలగించినప్పుడు పరిహారం దాదాపు 4 కోట్ల 90 లక్షల డాలర్లని అంచనా. మరుసటి నెలలోనే ఆయనకు వర్జీనియా టెక్‌లో పదవి లభించింది. దానితో పాత సంస్థ బాకీ 90 లక్షల డాలర్లకు పరిష్కారమైంది. ఒప్పంద పత్రంలో ఒక్క వాక్యం విలువ ఎంతటిదో చూడండి!

పొడిగింపు ఎందుకు?

ఇంత నష్టం ఎదురుగా కనిపిస్తున్నా, గడువు ఇంకా నాలుగైదేళ్లు ఉండగానే ఒప్పందాలను ఎందుకు పొడిగిస్తారు? ఇందుకు ప్రధాన కారణం పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రవాళ్లు. విశ్వవిద్యాలయ జట్టులో చేరే విద్యార్థి, అతని తల్లిదండ్రులు శిక్షకుణ్ణి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "మా వాడి చదువు పూర్తయ్యేదాకా మీరు ఇక్కడే ఉంటారా?" ఒప్పందంలో రెండేళ్లే మిగిలి ఉంటే పోటీ విశ్వవిద్యాలయాలవారు "ఆయన వెళ్లిపోయేవాడే, అక్కడ చేరకండి" అని ప్రచారం చేస్తారు. కనుక గడువు ఎప్పుడూ దీర్ఘంగా కనిపించాలి.

రెండవ కారణం వదంతులు. పెన్ స్టేట్‌లో పదవి ఖాళీ కాగానే వినవచ్చిన పేర్లలో ఇండియానా విశ్వవిద్యాలయ శిక్షకుడు కర్ట్ సిగ్నెటీ పేరు ఒకటి. ఆయన స్వరాష్ట్రం పెన్సిల్వేనియాయే. ఇండియానా ఆలస్యం చేయలేదు. నాలుగు రోజులు తిరగకుండానే, 2025 అక్టోబరు 16న, ఎనిమిదేళ్లకు సుమారు 9 కోట్ల 30 లక్షల డాలర్ల కొత్త ఒప్పందాన్ని ప్రకటించింది. ఊహాగానాలు ఆగిపోయాయి. చరిత్రలో పరాజయాలకే పేరుపడిన ఆ జట్టు 2026 జనవరిలో ఒక్క ఓటమి కూడా లేకుండా జాతీయ విజేత అయింది. పొడిగింపు ప్రతిసారీ వృథా కాదనడానికి ఇది తార్కాణం.

వదంతుల ఋతువు

అయితే అందరి విషయంలోనూ మాట నిలుస్తుందని చెప్పలేం. 2006 డిసెంబరులో మయామీ డాల్ఫిన్స్ అనే వృత్తి జట్టుకు శిక్షకుడుగా ఉన్న నిక్ సేబన్, తాను అలబామా విశ్వవిద్యాలయానికి వెళ్లడం లేదని పత్రికలవారితో కరాఖండిగా చెప్పారు. రెండు వారాలు తిరక్కముందే, 2007 జనవరి 3న, అలబామాలో చేరారు. అక్కడ పదిహేడు సీజన్లు పనిచేసి ఆరు జాతీయ విజయాలు సాధించారు. 2024 జనవరి 10న ఆయన విరమించగానే జరిగినది మన బదిలీ ఉత్తర్వులను తలపిస్తుంది. ఆ ఖాళీలోకి వాషింగ్టన్ శిక్షకుడు, వాషింగ్టన్‌కు ఆరిజోనా శిక్షకుడు, ఆరిజోనాకు శాన్ హోసే స్టేట్ శిక్షకుడు వెళ్లారు. ఒక్క పదవీ విరమణకు వారం రోజులలోనే మూడు విశ్వవిద్యాలయాలు నాయకుణ్ణి కోల్పోయాయి.

ఈ మార్పులు ఎక్కువగా నవంబరు ఆఖరులో జరగడానికీ కారణం ఉంది. కొత్త విద్యార్థులు జట్లతో సంతకాలు చేసే రోజు డిసెంబరు మొదటివారంలో వస్తుంది. 2025లో అది 3వ తేదీ. ఆ లోపున శిక్షకుడు కుదరకపోతే మంచి ఆటగాళ్లు చేజారిపోతారు. కాని సరిగ్గా అదే సమయానికి ఉత్తమ జట్లు జాతీయ పోటీలకు సిద్ధమవుతుంటాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వెళ్లినవారు – మిగిలినవారు

మా అమ్మాయి చెప్పిన కథ ఇదే. 2021 నవంబరు ఆఖరున నోటర్ డామ్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బ్రయన్ కెల్లీ, తన జట్టు పన్నెండింట పదకొండు పోటీలు గెలిచి జాతీయ పోటీలపై ఆశతో ఉండగా, విడిచిపెట్టి లూసియానాకు వచ్చారు. ఒప్పందం పదేళ్లు, విలువ దాదాపు తొమ్మిదిన్నర కోట్ల డాలర్లు. కాపురం నాలుగేళ్లు కూడా నిండలేదు. 2025 అక్టోబరు 26న ఆయనను తొలగించారు. సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్ల పరిహారం మిగిలింది. ఇటువంటి ఒప్పందాలను ఆ రాష్ట్ర గవర్నరే బహిరంగంగా విమర్శించారు.

ఆ స్థానానికి లూసియానా తెచ్చుకున్నది లేన్ కిఫిన్‌ను. మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ఆయన జట్టు కూడా పన్నెండింట పదకొండు గెలిచింది! మొట్టమొదటిసారిగా జాతీయ అంతిమ పోటీలకు చేరుకుంటున్న తరుణంలో, 2025 నవంబరు 30న, ఆయన ఏడేళ్లకు దాదాపు 9 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందంపై వెళ్లిపోయారు. ఆ పోటీలు ముగిసేదాకా జట్టును నడుపుతానని ఆయన కోరినా విశ్వవిద్యాలయం అంగీకరించలేదు.

విడిచి వెళ్లినవారికి కొత్త ఒప్పందం ఉంది, తొలగింపబడినవారికి పరిహారం ఉంది. వారి మాట నమ్మి వచ్చిన నూరుమంది విద్యార్థులకు, వారి వెంట ఇల్లు మార్చుకుని వచ్చిన చిన్న ఉద్యోగులకు మాత్రం ఏ ఒప్పందంలోనూ ఒక్క వాక్యమైనా లేదు.

అయినా ఆ రెండు జట్లూ కూలిపోలేదు. నోటర్ డామ్ బయటివారికోసం వెదకలేదు. అప్పటికే రక్షణ విభాగాన్ని చూస్తున్న మార్కస్ ఫ్రీమన్ అనే సహాయ శిక్షకునికి పగ్గాలు అప్పగించింది. ఆయన జట్టు 2025 జనవరిలో జాతీయ ఫైనల్ వరకు వెళ్లింది. మిసిసిపీ కూడా తన రక్షణ విభాగపు శిక్షకుడు పీట్ గోల్డింగ్‌నే నియమించింది. కొత్త ఉద్యోగం ఖాయమైన సహాయకుడు చార్లీ వైస్ జూనియర్ సైతం ఆ పోటీలు ముగిసేదాకా ఉండి పనిచేశారు. ఆ జట్టు రెండు పోటీలు గెలిచి సెమీఫైనల్ ఆడింది. పదేళ్ల ఒప్పందం ఇవ్వలేని భద్రతను, పక్కనే ఉండి పని నేర్చుకున్న రెండవ మనిషి ఇచ్చాడు.

మన మాట

ఇది చదువుతున్నంతసేపూ నాకు గుర్తువచ్చినది మరొకటి. నేను ట్రైనీ దశ దాటిన కొత్తలో ఒక విద్యుత్ యూనిట్ నిర్మాణంలో ఉన్నాను. ఊరు, పేరు ఇక్కడ అప్రస్తుతం. బాయిలర్ హైడ్రో టెస్టు పూర్తయి, స్టీమ్ బ్లోయింగ్ సాగుతుండగా మా విభాగాధిపతి రాజీనామా చేసి, మూడు రెట్లు జీతం ఇచ్చే చోటికి వెళ్లిపోయారు. వెళ్లే హక్కు ఆయనకు ఉంది, నియమం ప్రకారం నోటీసు సొమ్ము కూడా కట్టారు. కాని యంత్రం గురించి ఆయనకు తెలిసినదంతా ఆయన తలలోనే ఉండిపోయింది. మార్చిన వాల్వులేవో, సరఫరాదారుతో కుదిరిన మాటలేవో ఏ ఫైలులోనూ లేవు. యూనిట్ ఐదు నెలలు ఆలస్యమైంది. ఆ ఐదు నెలలూ ఎన్ని ఇళ్లలో రాత్రి భోజనాలు చల్లారిపోయాయో అప్పటి మా కుటుంబాలకే తెలుసు.

ఆయనను నిందించే అర్హత నాకు లేదు. కొన్నేళ్లకు నాకూ అటువంటి పిలుపు వచ్చింది. రాజీనామా లేఖ వ్రాసి సొరుగులో పెట్టుకున్నాను. ఓవర్‌హాల్ పని మధ్యలో వదలలేక ఆగాను. అది ముగిసేసరికి అక్కడ స్థానం నిండిపోయింది. దీనిని నిష్ఠ అనాలో, అదృష్టం అనాలో ఈనాటికీ తేల్చుకోలేదు. మనిషి ఎన్నాళ్లు ఉంటాడన్నది ఒప్పందమూ చెప్పలేదు, ఆ మనిషీ చెప్పలేడు. కాని ఎప్పుడు వెళ్లినా పని ఆగకుండా చూడడం మన చేతిలో ఉన్న విషయమే.

నాకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. యూనిట్‌ను మళ్లీ లైటప్ చేసిన ప్రతిసారీ ఇన్నాళ్లూ నేనే ప్యానెల్ ముందు నిలబడేవాణ్ణి. ఈ మధ్య నా జూనియర్‌ను అక్కడ నిలబెట్టి, నేను వెనుక కుర్చీలో కూర్చుంటున్నాను. మొదట్లో చేతులు ఊరుకునేవి కావు, ఇప్పుడు అలవాటైంది. చార్జి అప్పగింత నోట్ చివరి రోజున వ్రాసేది కాదనీ, ఇటువంటి పూటల్లో కొంచెం కొంచెంగా తయారయ్యేదనీ గ్రహించడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. బదిలీల కాలంలో క్యాంటీన్‌లో మనం వేసుకునే ప్రశ్నలకు మరొకటి చేర్చుకుంటే మేలు: "నేను రేపే వెళ్లిపోతే, నా పని తెలిసినవారు నా పక్కన ఎవరున్నారు?"