ఏకస్ఫటిక బ్లేడు: రెండు ప్రావస్థల పొత్తు

1941 మే 15న ఇంగ్లండులో విటిల్ రూపొందించిన జెట్ ఇంజనుతో గ్లోస్టర్ విమానం తొలిసారి ఎగిరింది. జెట్ ఇంజన్ల మనుగడ ఆనాటి నుంచీ టర్బైన్ బ్లేడు మీదే ఆధారపడి ఉంది. వాయువులు ఎంత వేడిగా వస్తే ఇంజను అంత సమర్థంగా పనిచేస్తుంది గాని, ఎర్రగా కాలుతూ అతివేగంగా తిరిగే బ్లేడు ఆ వేడికి విరగకపోయినా మెల్లమెల్లగా సాగిపోతుంది. ఈ సాగుడునే క్రీప్ అంటారు.

దీనికి విరుగుడుగా బ్రిటిష్ లోహశాస్త్రజ్ఞులు నికెల్, క్రోమియంలకు కొద్దిగా టైటానియం, అల్యూమినియం చేర్చి నిమోనిక్ 80 మిశ్రలోహాన్ని రూపొందించారు. దాని బలమంతా సూక్ష్మనిర్మాణంలో, అంటే సూక్ష్మదర్శినికి మాత్రమే అందే లోపలి అమరికలో ఉంది. ఒకే తీరు స్ఫటిక అమరిక గల భాగాన్ని ప్రావస్థ అంటారు. నికెల్‌లో ఇతర మూలకాలు కరిగి ఏర్పడిన గామా ప్రావస్థలో, మూడు నికెల్ పరమాణువులకు ఒక అల్యూమినియం పరమాణువు చొప్పున కూడిన గామా ప్రైమ్ అనే అంతర్లోహ సమ్మేళనం రేణువులుగా విడివడుతుంది. ఇందులో స్ఫటికపు ప్రాథమిక ఘనం మూలల్లో అల్యూమినియం, దాని ముఖాల నడుమ నికెల్ కుదురుకొని ఉండడం వల్ల, లోహం సాగడానికి కారణమయ్యే స్ఫటిక లోపాలు ఆ వరుసను చెదరగొట్టనిదే ముందుకు కదలలేవు. సాధారణ లోహాలు వేడికి మెత్తబడుతుంటే, ఈ సమ్మేళనం సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాకా మరింత బలపడుతుంది. పలు స్ఫటికాలుగా విడిగా పోతపోస్తే పెళుసుగా ఉండే ఈ పదార్థానికి, చుట్టూ ఉన్న గామా సాగే గుణాన్ని సమకూరుస్తుంది.

బ్లేడులోని స్ఫటికాల సరిహద్దుల వద్దే పగుళ్లు మొదలవుతాయని గ్రహించిన అమెరికా ఇంజన్ల సంస్థ ప్రాట్ అండ్ విట్నీ శాస్త్రజ్ఞులు 1960లలో ఆ సరిహద్దులనే తొలగించే పనికి పూనుకున్నారు. మూస అడుగున మొలిచిన అనేక స్ఫటికాల్లో, సన్నని మెలికల దారి దాటి పైకి చేరేది ఒక్కటే కాగా, బ్లేడంతా దాని నుంచే పెరుగుతుంది. ఇందులో సుమారు 70 శాతం గామా ప్రైమే. దాని ఘనాకార రేణువులు ఒక్కొక్కటి దాదాపు అర మైక్రాన్ ఉంటాయి.

క్రీప్‌ను ఇంకా తగ్గించడానికి, పరమాణువుల వలసను మందగింపజేసే రీనియంను సుమారు 3 శాతం కలిపారు. అయితే రీనియం, టంగ్‌స్టన్ వంటివి మోతాదు మించితే, వేల గంటల వేడిలో అవి పెళుసైన కొత్త ప్రావస్థగా పలకల రూపంలో విడిపోయి, గామాకు దక్కవలసిన బలాన్ని హరిస్తాయి. అందువల్ల మిశ్రలోహాన్ని పోతపోసిన నాటి బలంతో కాక, దీర్ఘకాలం కాలిన తరువాత మిగిలే నిర్మాణంతో అంచనా వేయవలసి వచ్చింది.

హైదరాబాదులోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఈ ఏకస్ఫటిక పోత సాంకేతికతను సాధించి, హెలికాప్టర్ ఇంజను కోసం 60 బ్లేడులను విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందజేసినట్లు 2021లో ప్రకటన వెలువడింది. ఎక్కడ తయారైనా బ్లేడు ఆయుష్షును నిర్ణయించేది ఆ రెండు ప్రావస్థల పొత్తు ఎంతకాలం చెదరకుండా నిలుస్తుందన్నదే.