స్పోర్ట్స్ కార్ల వెలలు: తరుగుట, పెరుగుట

‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి’ అన్న సామెత మనలో ప్రతి ఇంటివారికిని అనుభవములో ఉన్నదే. పోయిన నెల అంగడిలో కొన్న కుట్టుమిషనును నేడు అమ్మబోయినచో, పెట్టిన ధరలో మూడు పాళ్లయినను ఇచ్చువాడు కనబడడు. వస్తువు చెడలేదు; దాని వెల మాత్రము చెడినది. ఈ తరుగుదల అన్ని వస్తువులకును ఉన్నదే గాని, అది తన విశ్వరూపమును చూపునది ఐరోపాలో తయారై, లోకములోని ధనికులు ముచ్చటపడి కొను స్పోర్ట్స్ కార్లలో. ఫెరారీ, లాంబోర్గిని, మెక్‌లారెన్ అను పేర్లు నేడు మన పిల్లలకు సైతము నోటికి వచ్చును. వాటిలో ఒకటి వేలములో కోట్లు పలికినదన్న వార్త వచ్చినప్పుడెల్లను, కారు కొనుటయు ఒక పెట్టుబడియే కాబోలునని కొందరికి తోచుచున్నది. ఆ తలపు ఎంతవరకు నిజమో శ్రోతలతో కలిసి విచారింపవలెనని మా సంకల్పము.

ముందుగా ఒక చిన్న లెక్క చూతము. ఒక కారు వెల 3 కోట్ల రూపాయలనియు, ఐదేండ్ల తరువాత అది సగము ధరకు అమ్ముడుపోయినదనియు ఊహింతము. నష్టము కోటిన్నర. ఇట్టి కారును యజమాని నిత్యమును నడపడు. ఏటికి రెండు వేల కిలోమీటర్లు నడిపినాడనుకొన్నచో, ఐదేండ్లకు పది వేలు. అనగా నడిచిన ప్రతి కిలోమీటరుకును 1,500 రూపాయలు తరుగుదల క్రిందనే పోయినవి. పెట్రోలు, బీమా, మరమ్మతు ఇందులో చేరలేదు. ఆ 3 కోట్లను నూటికి 7 వడ్డీకి బ్యాంకులో ఉంచినచో ఏటికి 21 లక్షలు వచ్చియుండును; అదియు పోయినదే. ఈ అంకెలు ఊహించినవే గాని, ఐదారేండ్లలో సగమునకు దిగుట ఈ జాతి కార్లలో అరుదైన సంగతి కాదు.

ఇట్లు దిగుటకు ముఖ్యమైన కారణములు మూడు. మొదటిది, క్రొత్తదనము. 2011లో మెక్‌లారెన్ సంస్థ ఎం.పి.4-12సి అను కారును అమ్మకమునకు పెట్టినది. బ్రిటనులో దాని వెల 1,68,500 పౌండ్లు. 2014లో అదే సంస్థ 650ఎస్ అను కారును తెచ్చినది. రూపములో కొంత మార్పు, బలములో కొంత హెచ్చు. అంతే, మునుపటి కారు నిన్నటి కారు అయిపోయినది. కొన్ని ఏండ్లలోనే అది తొలి వెలలో సగమునకు దొరకసాగినది. దాని వేగము ఒక్క మైలైనను తగ్గలేదు. తగ్గినది, అది అందరికంటె ముందు మన వాకిట నిలిచినదన్న గొప్ప మాత్రమే. ఆ గొప్పకు సొమ్ము చెల్లించువాడు మొదటి యజమాని, రెండవవాడు చెల్లింపడు.

రెండవ కారణము, పోషణ. ఫెరారీవారి టెస్టరోస్సా, ఎఫ్355 కార్లలో ఇంజను లోపలి బెల్టును కొన్ని ఏండ్లకొకసారి మార్చవలెను. కారు నడచినను, నడవకున్నను రబ్బరు ముదురును గనుక ఇది తప్పదు. ఆ పనికి ఇంజనునే క్రిందికి దింపవలసియుండును. ఇక్కడ గమనింపవలసిన సూక్ష్మమొకటి ఉన్నది. కారు వెల సగమునకు దిగినను, దాని విడిభాగముల వెలయు, మెకానిక్కు కూలియు సగమునకు దిగవు. చవుకగా కొన్నవాడు ఖరీదైన కారునే పోషింపవలెను. ఈ భయమే బేరములో వెలను మరింత క్రిందికి లాగును.

మూడవ కారణము, కొనువారు తక్కువగుట. మామూలు కారును ఏ ఊరిలోనైనను పదిమంది అడుగుదురు. ఇట్టి కారును అడుగువారు దేశమంతట వెదకినను కొద్దిమందే. వ్యాపారములు బాగున్నంత కాలము వారు ఎగబడుదురు. చెడినప్పుడు అందరును ఒక్కసారిగా వెనుకకు తగ్గుదురు. 1973లో చమురు సంక్షోభము వచ్చినప్పుడు పెట్రోలు విపరీతముగా త్రాగు కార్లకు గిరాకి పడిపోయినది. కష్టములలో పడిన లాంబోర్గిని సంస్థ 1978లో దివాలా తీసినది.

ఈ మూడవ కారణము మనుష్యులను ఎంత ఇక్కట్ల పాలు చేయగలదో జాగ్వార్ ఎక్స్‌జె220 చరిత్ర చెప్పును. 1988లో బర్మింగ్‌హాము ప్రదర్శనలో ఈ కారు నమూనాను చూపినారు. పండ్రెండు సిలిండర్ల ఇంజను, నాలుగు చక్రములకును చోదకశక్తి ఉండునన్నారు. జనము విరగబడి వచ్చినారు. మరుసటి ఏడు 50 వేల పౌండ్ల బయానా తీసికొని పేర్లు వ్రాసికొన్నారు. వెల 2,90,000 పౌండ్లు అన్నారు. పేరు వ్రాయించుకొన్నవారిలో కారు నడపదలచినవారు కొందరైతే, చేతికి రాగానే లాభమునకు అమ్మదలచినవారు మరికొందరు. ఇంతలో ఆర్థికమాంద్యము వచ్చినది. 1992లో కారు సిద్ధమగునప్పటికి అందులో ఉన్నది ఆరు సిలిండర్ల టర్బో ఇంజను. శక్తి వెనుక చక్రములకే. వెల 4 లక్షల పౌండ్లను దాటినది. కారు గంటకు 340 కిలోమీటర్లకు మించి పరుగెత్తినది నిజమే, కాని కొనువాడేడి? బయానా ఇచ్చినవారిలో కొందరు ఒప్పందము నుండి బయటపడుటకు ఎదురు సొమ్ము చెల్లించినారు. కొందరు న్యాయస్థానమునకు ఎక్కినారు. మొత్తము తయారైనవి సుమారు 280 కార్లు. వాటిలో చివరివి అమ్ముడుపోక నిలిచి, ఏండ్లు గడచిన పిమ్మట తొలి వెలలో సగమునకంటె తక్కువకు పోయినవి.

అదే కాలములో ఫెరారీ ఎఫ్40 కథ మరియొక విధముగా నడచినది. 1987లో అది వెలువడినది. 1988 ఆగస్టులో సంస్థ స్థాపకుడు ఎంజో ఫెరారీ మరణించినాడు. ఆయన కనులముందు విడుదలైన చివరి కారు ఇదే అన్న మాట వ్యాపించి వెలలు అసలు ధరకు ఎన్నో రెట్లు పెరిగినవి. జపానులో షేర్లు, భూములు ఆకాశమునకెక్కిన రోజులవి. అప్పు తెచ్చియైనను ఫెరారీ కొనినవారున్నారు. 1989 డిసెంబరు తుది దినములలో టోకియో షేర్ల సూచీ శిఖరమునంటి, అక్కడనుండి కూలినది. దానితోపాటు కార్ల వెలలును కూలినవి. మొదట నాలుగు వందలే చేయుదుమన్న ఎఫ్40 కార్లు 1992 నాటికి 1,300కు మించినవి. శిఖరములో కొన్నవాడు, కారు చక్రమైనను తిప్పకుండగనే, పెట్టిన సొమ్ములో అధికభాగమును పోగొట్టుకొన్నాడు.

అయితే పెరిగినవి లేవా అని శ్రోతలు అడుగవచ్చును. ఉన్నవి. ఫెరారీ 250 జి.టి.ఓ. కార్లు 1962 మొదలు 1964 వరకు చేసినవి 36. అమెరికాలో నాటి వెల సుమారు 18 వేల డాలర్లు. 2018లో కాలిఫోర్నియా వేలములో వాటిలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయినది. 56 ఏండ్లకు చక్రవడ్డీ లెక్క కట్టినచో ఏటికి నూటికి సుమారు 15 వచ్చును. ఏ బ్యాంకు ఇంత ఇచ్చును? కాని ఆ 56 ఏండ్లును దానిని ఒక్కరే పట్టుకొని కూర్చుండలేదు. పందెములు ముగిసిన తరువాత అది పాతబడిన పందెపు బండి మాత్రమే. ఆ 36లో ఒకదానిని టెక్సాసులోని విక్టోరియా పట్టణపు ఉన్నత పాఠశాలకు దానమిచ్చినారు. పాఠశాలవారు 1972లో దానిని కొద్ది వేల డాలర్లకు అమ్మివేసినారు. తరువాత అది ఒహాయోలో ఆరుబయట, ట్రైలరు మీద, ఎండకు ఎండుచు వానకు తడియుచు 1988 వరకు పడియున్నది. నేడు కోట్లు పలుకు వస్తువు నాడు అక్కరకు రాని వస్తువు. 1989లో ఈ జాతి కారు వెల కోటి డాలర్లను దాటినది; కొన్ని ఏండ్లలోనే అందులో మూడవ వంతునకు దిగువగా జారినది. పైకి పోయిన దారి మెట్లదారి కాదు, కొండదారి.

అరుదైనది పెరుగునని సాధారణముగా అందురు. అదొక్కటే చాలదు. ఎక్స్‌జె220 కార్లు 280 మాత్రమే. ఎఫ్40 కార్లు 1,300కు పైన. అయినను నేడు వేలములో రెండవదే మొదటిదానికి పలు రెట్లు పలుకుచున్నది. అరుదుతోడుగా ఆశయు ఉండవలెను. బాల్యములో గోడమీద అంటించుకొన్న బొమ్మలోని కారును, నడివయస్సులో చేతిలో సొమ్ము చేరినప్పుడు మనిషి కొనగోరును. ఏ బొమ్మ నేటి పిల్లల మనస్సులో నిలుచునో ముందుగా ఎవ్వరు చెప్పగలరు? ఫెరారీ 599 జి.టి.బి. కార్లలో చేతితో గేరు మార్చునవి 30 మాత్రమే తయారైనవి. కారణము, ఆనాడు అడిగినవారు లేరు. నేడు అవియే తోటి కార్లకంటె ఎంతో హెచ్చు వెల తెచ్చుచున్నవి. నాటి నిరాదరణయే నేటి విలువకు మూలమైనది.

ఇంకొక విశేషము. కార్లన్నిటిలో ఎక్కువ వెల పలికినది 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్.ఎల్.ఆర్. ఊలెన్‌హౌట్ కూపే. 2022 మే నెలలో అది 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయినది. ఇట్టివి చేసినది రెండే. రెండును అంతవరకు సంస్థ వద్దనే ఉన్నవి. వచ్చిన సొమ్మును విద్యార్థి వేతనముల నిధికి కేటాయించినారు. కనుక ఆ గొప్ప లాభము కారు కొని, దాచి, అమ్మిన ఏ యజమానికిని దక్కినది కాదు.

మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. వేలములో కోట్లు పలికిన కారు పేరు పత్రికకెక్కును. సగమునకు అమ్ముకొన్న వందలాదిమంది పేరు ఎక్కదు. గెలిచిన లాటరీ టిక్కెట్టును చూచి టిక్కెట్ల వెల కట్టరాదు.

నేడు అమెరికాలో ఉద్యోగములు చేయు మన తెలుగు యువకులకు ఈ కార్లు ఒకప్పటివలె అందని పండ్లు కావు. సగము వెలకు వచ్చిన పాత స్పోర్ట్స్ కారు, దానికి ఏడేండ్ల వాయిదాల అప్పు కనులయెదుట ఉండును. ఆ అప్పులో అసలు మెల్లగా తగ్గును. కారు వెల త్వరగా తగ్గును. నడుమ ఏర్పడు లోతే ప్రమాదము. హెచ్-1బి వీసాపై ఉన్నవాడు ఉద్యోగము పోయినచో, 60 దినములలో మరొకటి చూచుకొననిచో సాధారణముగా దేశము విడువవలసియుండును. ఆ తొందరలో కారు అమ్మినను అప్పు తీరదు. మిగిలిన అప్పు ఇక్కడ ఇంటివారి భూమి మీదికి వచ్చుటకు ఆలస్యము పట్టదు.

ముచ్చట తీరక కొనదలచినవారు కొన్ని సంగతులు చూడవలెను. తరుగుదలలో పెద్ద భాగమును మొదటి యజమాని మోసిన తరువాత కొనుట మేలు. మరమ్మతు కాగితములు వరుసగా ఉన్నవో లేవో చూడవలెను. ఇంజను మీది అంకె కాగితములోని అంకెతో సరిపోవలెను. ఫెరారీ సంస్థ తన పాత కార్లను పరీక్షించి ధ్రువపత్రమిచ్చు శాఖను నడుపుచున్నది. అట్టి పత్రమున్న కారుకు అమ్మునాడు గౌరవము దక్కును. కారు వెలకు తోడు, ఒక పెద్ద మరమ్మతుకు చాలినంత సొమ్ము వేరుగా చేతిలో ఉండవలెను. అన్నిటికంటె మించి, అప్పు లేకుండ కొనవలెను. ఆ సొమ్ము తిరిగి రాకపోయినను ఇంటిలో పొయ్యి వెలుగునన్న ధైర్యమున్నవానికి కారు ఆనందమునిచ్చును. ఆ ధైర్యము లేనివాడు దానిని దారిలో చూచి సంతోషించుటయే ఉత్తమము. చూచుటకు తరుగుదల లేదు.