వెదకబోయిన తీగ

వెదకులాటను గురించి తెలుగులో రెండు సామెతలు బహుళ ప్రచారంలో ఉన్నాయి. వెదకబోయిన తీగ కాలికి తగిలిందనేది ఒకటి. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదికినట్లనేది మరొకటి. మొదటిది అదృష్టాన్ని చెబుతుంది, రెండవది పరాకును పరిహసిస్తుంది. అయితే కంటి ఎదుట ఉన్న వస్తువు కనబడకపోవడానికి పరాకు ఒక్కటే కారణమా? కంటి నిర్మాణంలోనూ, మెదడు పనితీరులోనూ అందుకు తగిన హేతువులేమైనా ఉన్నాయా? గత అర్ధశతాబ్ది కాలంలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను నిశితంగా పరిశీలించారు. వారు కనుగొన్న విషయాలు ప్రయోగశాలకే పరిమితమైనవి కావు. విమానాశ్రయాలలో సామాను తనిఖీ మొదలు ఆసుపత్రులలో క్యాన్సరు పరీక్ష వరకు అనేక సందర్భాలలో ప్రాణాలు వాటిపై ఆధారపడి ఉన్నాయి. ఈ విషయాలను సులభంగా గ్రహించడానికి ఒక కంప్యూటరు ఆట చక్కని సాధనం.

తోటను బాగుచేసే ఆట

రష్యాలోని వోలోగ్దా నగరంలో ఇగోర్ బుఖ్మన్, ద్మిత్రీ బుఖ్మన్ అనే సోదరులు 2004లో ప్లేరిక్స్ అనే సంస్థను స్థాపించారు. ఆ సంస్థ 2009లో గార్డెన్‌స్కేప్స్ అనే ఆటను విడుదల చేసింది. అందులో ఒక పెద్ద భవంతి, దాని వెనుక ఆలనాపాలనా లేక పాడుపడిన తోట ఉంటాయి. ఆస్టిన్ అనే సేవకుడు ఆటగాడికి దారి చూపుతాడు. భవంతిలోని గదుల నిండా వందలాది వస్తువులు చిందరవందరగా పడి ఉంటాయి. వాటిలో అడిగిన వస్తువులను వెదికి పట్టుకొని, కొనవచ్చినవారికి అమ్మి, ఆ సొమ్ముతో తోటకు కొత్త మొక్కలు, బల్లలు, ఫౌంటెను సమకూర్చుకోవాలి. గది చిందరవందర తగ్గేకొద్దీ తోట కళకళలాడుతుంది. అదే పేరుతో 2016లో సెల్ ఫోన్లకు వచ్చిన ఆట వేరు. అందులో ప్రధానమైన పని వస్తువులను వెదకడం కాదు, ఒకే రకమైన బొమ్మలు మూడింటిని వరుసలో చేర్చడం.

వస్తువులను వెదికే ఆటలకు మూలం అచ్చు పుస్తకాలలో ఉంది. మార్టిన్ హాండ్‌ఫర్డ్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1987లో ఎర్రచారల చొక్కా తొడిగిన వాలీ అనే వ్యక్తిని జనసందోహాల బొమ్మలలో దాచి, వెదకమని పిల్లలను సవాలు చేశాడు. అమెరికాలో పిల్లలకు అతడు వాల్డోగా సుపరిచితుడు. కంప్యూటరుపై ఈ తరహా ఆటకు విస్తృత ప్రచారం తెచ్చినవాటిలో సియాటిల్ నగరానికి చెందిన బిగ్ ఫిష్ గేమ్స్ 2005లో విడుదల చేసిన మిస్టరీ కేస్ ఫైల్స్ ముఖ్యమైనది.

కంటి వేగం, కంటి పరిమితి

చూపు ఒక రసాయన చర్యతో మొదలవుతుంది. నేత్రపటలంలో సుమారు 12 కోట్ల దండకణాలు, 60 లక్షల శంకుకణాలు ఉన్నాయి. వీటిలో ఎ విటమిను నుండి తయారయ్యే రెటినాల్ అనే అణువు ఉంటుంది. చీకటిలో ఈ అణువు ఒకచోట వంగి ఉంటుంది. కాంతి కణం సోకగానే ఆ వంపు నిటారవుతుంది. ఈ మార్పుకు పట్టే కాలం సుమారు 200 ఫెమ్టోసెకన్లు మాత్రమే. ఒక ఫెమ్టోసెకను అంటే సెకనును కోటికోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ పది చేయగా వచ్చిన వంతు. చూపుకు ఆధారమైన ఈ రసాయన శాస్త్రాన్ని వివరించినందుకు జార్జ్ వాల్డ్ 1967లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

ప్రకృతిలోని అతి వేగవంతమైన చర్యలలో ఒకటి కంటిలో జరుగుతున్నప్పుడు, గదిలో పడి ఉన్న కత్తెరను పట్టుకోవడానికి నిమిషం ఎందుకు పడుతుంది? మొదటి కారణం నేత్రపటల నిర్మాణం. శంకుకణాలు కిక్కిరిసి ఉండేది నేత్రపటలం నడుమనున్న ఫోవియా అనే చిన్న గుంటలోనే. చేయి చాచి బొటనవేలు చూసుకుంటే ఆ గోరు ఎంత మేర కనబడుతుందో, దాదాపు అంత మేర మాత్రమే ఏ క్షణంలోనైనా స్పష్టంగా కనబడుతుంది. తక్కిన దృశ్యమంతా మసకే. అందుచేత కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు గెంతుతూ దృశ్యాన్ని ముక్కలు ముక్కలుగా ఏరుకుంటుంది. పైగా అంచు చూపులో పక్కపక్కనున్న వస్తువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. విడిగా ఉంటే ఓరకంటికి సైతం తెలిసే తాళంచెవి, నాలుగు చెంచాల నడుమ పడితే తెలియకుండా పోతుంది.

అవధానమనే ముడి

రెండవ కారణం మెదడులో ఉంది. అష్టావధానాలు చూసి ఆనందించే తెలుగువారికి అవధానమన్న మాట కొత్త కాదు. ఏకకాలంలో ఎనిమిది విషయాలపై మనసు నిలపడం అసాధారణం గనుకనే అవధానికి సన్మానం. సామాన్యుడి అవధానానికున్న పరిమితిని ఆన్ ట్రీస్మన్ అనే శాస్త్రవేత్త, గ్యారీ జెలాడ్‌తో కలిసి, 1980లో ప్రచురించిన సిద్ధాంతంలో వివరించింది. పచ్చని ఆకుల నడుమ ఒకే ఒక్క ఎర్ర మందారం ఉంటే వెదకనక్కరలేదు. అదే వచ్చి కంటిని తాకుతుంది. ఆకులు పది ఉన్నా వంద ఉన్నా పట్టే కాలంలో చెప్పుకోదగిన మార్పు ఉండదు. కాని ఎర్రపూసలు, పచ్చగాజులు కలిపి పోసిన రాశిలో ఒకే ఒక్క ఎర్రగాజును పట్టుకోవలసి వస్తే పరిస్థితి మారుతుంది. రంగు ఒక్కటే చాలదు, ఆకారం ఒక్కటే చాలదు. ఆ రెంటినీ ఒకే వస్తువుకు చెందినవిగా ముడివేసే పని అవధానానిది. రాశిలో చేరే ప్రతి అదనపు వస్తువుకు సెకనులో నూరవ వంతులు రెండో మూడో అదనంగా పడతాయి.

ఆటలోని గదులను చిత్రించేవారు ఈ సూత్రాలను ఎరిగి చేసినా, అనుభవంతో చేసినా, ఫలితం ఒక్కటే. వెదకవలసిన వస్తువుకు ప్రత్యేకమైన రంగు లేకుండా చూస్తారు; గోధుమరంగు ఫిడేలును గోధుమరంగు బీరువాకు ఆనించి పెడతారు. వస్తువును తలకిందులు చేస్తారు, సగం కప్పివేస్తారు. అన్నిటికంటె ముఖ్యంగా ఉండవలసిన చోట ఉంచరు. చక్కగా అమరిన దృశ్యంలోకంటె ముక్కలుగా కోసి కలగలిపిన దృశ్యంలో వస్తువును గుర్తించడం కష్టమని ఇర్వింగ్ బీడర్మన్ 1972లోనే ప్రయోగపూర్వకంగా చూపాడు. కవ్వం వంటింట్లో ఉంటుందన్న లోకజ్ఞానమే వెదకులాటలో సగం పని చేస్తుంది. కవ్వాన్ని దీపపు గుత్తికి వేలాడదీస్తే ఆ జ్ఞానం అక్కరకు రాదు.

అర్జునుడి గురి

ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునుడికి చెట్టు కనబడలేదు, కొమ్మ కనబడలేదు. పక్షి మాత్రమే కనబడింది. గురువు మెచ్చిన ఆ ఏకాగ్రతకు చెల్లించే మూల్యమూ ఒకటున్నది. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ 1999లో ప్రచురించిన ప్రయోగంలో, బంతిని ఎన్నిసార్లు విసురుకున్నారో లెక్కపెట్టమని చెప్పి ఒక చిత్రం చూపించారు. ఆట మధ్యలో గొరిల్లా వేషం వేసిన మనిషి నడిచి వచ్చి, గుండెలు బాదుకొని వెళ్ళినా, లెక్కలో మునిగిన చూపరులలో సుమారు సగం మంది గమనించలేదు.

నిపుణులకు ఇది వర్తించదని అనుకోరాదు. 2013లో ట్రాఫ్టన్ డ్రూ తన సహచరులతో కలిసి 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కానులు ఇచ్చి, క్యాన్సరు కావచ్చునన్న అనుమానం కలిగించే చిన్న గడ్డలను వెదకమన్నాడు. చివరి స్కానులో, మామూలు గడ్డకు 48 రెట్ల పరిమాణంలో, ఒక గొరిల్లా బొమ్మను చొప్పించాడు. 20 మంది దానిని చూడలేదు. కంటి కదలికలను కొలిచి చూడగా, వారిలో సగానికి మించినవారి చూపు ఆ బొమ్మ మీదనే ఆగి వెళ్ళినట్లు తేలింది. కన్ను చూసింది, మెదడు పట్టించుకోలేదు. గడ్డలను వెదికే మెదడుకు గొరిల్లా అప్పుడు అవసరం లేని వస్తువు.

అరుదైనదాన్ని వెదకడం

ఆటకూ నిజజీవితానికీ అసలైన భేదం ఇంకొకటి ఉంది. ఆటలో అడిగిన వస్తువు ఆ గదిలో ఉండి తీరుతుంది. అందుకే ఆటగాడు కనబడేదాకా విడిచిపెట్టడు. వైద్యుడికీ, విమానాశ్రయ తనిఖీ ఉద్యోగికీ ఆ హామీ లేదు. వారు చూసే వందలాది చిత్రాలలో వెదికే వస్తువు దాదాపు ఎన్నడూ ఉండదు. జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో నేచర్ పత్రికలో ప్రకటించిన ప్రయోగం ఈ భేదాన్ని అంకెలలో చూపింది. వెదికే వస్తువు నూటికి 50 చిత్రాలలో ఉన్నప్పుడు, ఉన్న వస్తువును గుర్తించలేకపోయిన సందర్భాలు 7 శాతం. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు అవి 30 శాతానికి పెరిగాయి. మనుషులు అవే మనుషులు, కళ్ళు అవే కళ్ళు. లేదు, లేదు, లేదు అని చెప్పి చెప్పి అలవాటు పడిన మెదడు, వెదకడం ముందుగానే మానేస్తుంది.

రొమ్ము క్యాన్సరు కోసం జరిపే మామోగ్రామ్ పరీక్షలలో వ్యాధి బయటపడేది వెయ్యిమందిలో సుమారు అయిదారుగురికే. అంటే ప్రయోగంలోని నూటికి ఒకటికంటె కూడ అరుదు. ఈ బలహీనతను గుర్తించే ఐరోపాలోని అనేక దేశాలలో ఒక్కొక్క చిత్రాన్ని ఇద్దరు వైద్యులు వేర్వేరుగా చూసే పద్ధతిని పాటిస్తున్నారు. స్వీడన్‌లో 80,000 మందికి పైగా మహిళలపై జరిపిన పరిశీలన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. కంప్యూటరు సహాయంతో చిత్రాలను ముందుగా వడపోసినప్పుడు వెయ్యిమందిలో 6.1 క్యాన్సర్లు, మామూలుగా ఇద్దరు వైద్యులు చూసినప్పుడు 5.1 క్యాన్సర్లు బయటపడ్డాయి. వైద్యుల పని భారం 44 శాతం తగ్గింది.

విమానాశ్రయంలో అవలంబించే ఉపాయం మరింత చమత్కారమైనది. అక్కడి యంత్రం రెండు వేర్వేరు శక్తులుగల ఎక్స్ కిరణాలను పంపి, వస్తువులోని పరమాణువుల బరువును అంచనా కట్టి రంగులు వేస్తుంది. కర్బనం, ఉదజని, ఆమ్లజని వంటి తేలిక మూలకాలతో కూడినవి నారింజరంగులో, లోహాలు నీలంలో, నడిమివి ఆకుపచ్చలో కనబడతాయి. సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చే తెలుగువారి పెట్టెలోని ఆవకాయ, బెల్లం, సున్నుండలు అన్నీ నారింజరంగువే. పేలుడు పదార్థాలలో అధికభాగం కూడ ఆ రంగువే కావడం తనిఖీదారుకు చిక్కు. అతడి అవధానం సడలకుండా ఉండటానికి, లేని ఆయుధం బొమ్మను యంత్రమే అప్పుడప్పుడు తెరపై కల్పిస్తుంది. గుర్తించగానే అది కల్పితమని తెలియజేస్తుంది. ఒక విధంగా, నిజమైన తనిఖీలో ఆటను కలపడమే ఇది.

ఆట వలన లాభమెంత?

మంచు కురిసే నెలల్లో, పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళాక, పరాయిదేశంలో నాలుగు గోడల మధ్య ఉండిపోయే తల్లిదండ్రులకు ఇటువంటి ఆటలు కాలక్షేపానికి పనికి వస్తాయి. వాటివలన మతిమరుపు రాదని, మెదడు పదును తేలుతుందని నమ్మి ఆడేవారూ ఉన్నారు. ఆ నమ్మకానికి శాస్త్రం ఇచ్చే మద్దతు స్వల్పం. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 2,800 మందికి పైగా వృద్ధులపై జరిపిన యాక్టివ్ అనే పరిశోధనలో, 2002లో వెలువడిన తొలి ఫలితాల ప్రకారం, ఏ పనిలో శిక్షణ ఇస్తే ఆ పనిలోనే నైపుణ్యం పెరిగింది. జ్ఞాపకశక్తికి ఇచ్చిన శిక్షణ చూపు వేగానికీ, చూపు వేగానికి ఇచ్చినది జ్ఞాపకశక్తికీ ఉపకరించలేదు. మెదడు ఆటల ప్రచారానికి తగిన ఆధారాలు లేవని 2014లో పలువురు శాస్త్రజ్ఞులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ కేంద్రం ద్వారా ఉమ్మడి ప్రకటన చేశారు. 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోపిన ఆరోపణలపై లూమోసిటీ అనే ఆటల సంస్థ 20 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. గదిలో ఫిడేలును వెదకడంలో ఆరితేరినవారు ఫిడేలును వెదకడంలోనే ఆరితేరుతారు. ఇంట్లో మందుల సీసా ఎక్కడ పెట్టారో గుర్తుండటానికి అది తోడ్పడుతుందన్న హామీ లేదు.

అయితే ఈ ఆట చివర ఉంచిన బహుమతి మాత్రం ఆలోచించదగినది. రోజర్ ఉల్రిచ్ 1984లో సైన్స్ పత్రికలో ఒక పరిశీలన ప్రకటించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి శస్త్రచికిత్స జరిగినవారిలో, కిటికీలోంచి చెట్లు కనబడిన 23 మంది సగటున 7.96 రోజులకు, ఇటుక గోడ కనబడిన 23 మంది 8.70 రోజులకు ఇంటికి వెళ్ళారు. చెట్లను చూసినవారు బాధానివారక మందులు కూడ తక్కువ వాడారు. పరిశీలన చిన్నదే కనుక దానిపై పెద్ద సిద్ధాంతాలు కట్టరాదు. అయినా, పాడుపడిన తోట పచ్చబడటం చూస్తే కలిగే తృప్తికి మనిషి స్వభావంలో ఏదో ఆధారమున్నదని అది సూచిస్తుంది.

కాబట్టి ఆటను ఆటగా ఆడుకోవడంలో దోషం లేదు. దానిని వైద్యంగా భావించడం మాత్రం తగదు. కన్ను ఎంత నమ్మదగినదో అంత మోసపోయేది కూడ అని తెలిసినవారు, నలభై ఏళ్ళు దాటిన ఆడపడుచులకు మామోగ్రామ్ పరీక్ష ఒకసారి చేయించి ఊరుకోక, వైద్యుల సలహా ప్రకారం క్రమం తప్పక చేయిస్తారు. ఈ ఏడు చూపు జారినది వచ్చే ఏడు దొరకవచ్చు. ఇక పెరడు ఉన్న ఇంటివారు వేసవిలో తల్లిదండ్రుల చేతికి నాలుగు గోంగూర విత్తులు, రెండు బీరగింజలు ఇస్తే మరీ మంచిది. ఆకుల చాటున పెరిగే లేత బీరకాయను ముదరకముందే పట్టుకోవడం ఏ కంప్యూటరు వెదకులాటకూ తీసిపోదు.