చేతిరాతలో గుణం కనిపించదు

దరఖాస్తు చేత్తో రాయమన్నారంటే అందులో మన గుణం చదివేస్తారన్న మాట కొలువు వెతికే పిల్లలను భయపెడుతోంది, రాత మార్చే కోర్సులకు ఫీజులు కట్టిస్తోంది. అది పరిగిలో ప్రైవేటు బడి ఉద్యోగమైనా, తాండూరులో నాపరాయి యూనిట్ లెక్కల పనైనా, ఆ మాట నమ్మిన యజమాని అర్హుణ్ని పోగొట్టుకుంటాడు.

అపోహ: అక్షరాల వాలు, ఒత్తు చూస్తే నిజాయతీ, పట్టుదల తెలిసిపోతాయి.

వాస్తవం: తెలియవు. దీన్ని ఎప్పుడో పరీక్షించారు. 1989లో నెటర్, బెన్-షఖర్ అనే పరిశోధకులు 17 అధ్యయనాలను కలిపి చూశారు. అభ్యర్థులు తమ గురించి రాసుకున్న కాగితాలిచ్చినా చేతిరాత చూసి గుణం చెప్పే గ్రాఫాలజిస్టులు ఆ విద్య తెలియనివాళ్లకంటే మెరుగ్గా ఏమీ చెప్పలేకపోయారు. పనికొచ్చింది రాసిన సంగతులే, రాత కాదు. 1998లో ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల పరిశోధనలను బేరీజు వేశారు. పనితీరును ముందే అంచనా కట్టడంలో పని చేయించి చూసే పరీక్షకు 0.54, అందరినీ ఒకే ప్రశ్నలడిగే ఇంటర్వ్యూకు 0.51 వచ్చాయి. చేతిరాతకు వచ్చింది 0.02. సున్నా అంటే సంబంధమే లేదని అర్థం.

పైగా గ్రాఫాలజిస్టుల సూత్రాలు యూరప్ లిపులు చూసి కట్టినవి. ఇంగ్లీషు 'టి' అడ్డగీతను బట్టి పట్టుదల చెబుతారు. తెలుగులో ఆ గీత ఏదీ? మన దగ్గర ఒకే మనిషి తెలుగు గుండ్రంగా రాస్తాడు, ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తాడు. ఇందులో ఏ రాతను బట్టి అతని గుణం తేలుస్తారు?

"నా గురించి చెప్పింది అచ్చంగా సరిపోయింది" అంటారా? 1948లో ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులందరికీ ఒకే వర్ణన ఇచ్చి, అది ఎవరికి వారిదే అన్నాడు. అది తమకు ఎంత సరిపోయిందో చెబుతూ వాళ్లు సగటున 5కి 4.26 మార్కులు వేశారు. అందరికీ నప్పే మాట ఎవరికైనా నప్పుతుంది.

అపోహ: సంతకం కింద గీత గీస్తే కొలువు వస్తుంది. రాదు.

అపోహ: కోర్టులే చేతిరాతను నమ్ముతాయి. అక్కడ నిపుణుడు చెప్పేది ఎవరు రాశారన్నదే, రాసినవాడు ఎలాంటివాడన్నది కాదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. బోర్డు మీద రాసే టీచరుకు, స్టాకు రిజిస్టరు రాసే గుమాస్తాకు చదవగలిగే రాత కావాలి. అయితే అది పనికి పరీక్షే, గుణానికి కాదు. డిస్‌గ్రాఫియా ఉన్నవాళ్లకు గుణం ఎలాంటిదైనా చక్కగా రాయడమే కష్టం. అలాంటి అభ్యసన వైకల్యాలను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది.

యజమానులారా, టీచరు చేత ఒక పాఠం చెప్పించండి, అకౌంటెంటుకు పది బిల్లులిచ్చి లెక్క తీయమనండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాత మార్చుకోవడానికి కట్టే డబ్బుతో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ నేర్చుకోండి. మీకు కొలువు తెచ్చేది అదే.