తెలుగు టైపింగ్ వెనక ఒక కొక్కెం

విండోస్ కంప్యూటర్‌లో ఎ, ఎం, ఎం, ఎ అనే ఇంగ్లీషు మీటలు నొక్కితే తెరపై 'అమ్మ' ప్రత్యక్షమవుతుంది. నిజానికి కీబోర్డుకు తెలుగు రాదు, ఆ మాటకొస్తే ఇంగ్లీషూ రాదు. ఫలానా మీట కిందికి వెళ్లింది, పైకి లేచింది అని సంఖ్యల్లో చెప్పడమే దాని పని. కొన్ని టైపింగ్ ప్రోగ్రాములు ఆ సమాచారాన్ని దారిలోనే అందుకుని తెలుగు చేస్తాయి. అందుకు వాడే ఏర్పాటే 'కీబోర్డ్ హుక్', అంటే కొక్కెం.

వర్డ్‌లోనైనా బ్రౌజర్‌లోనైనా ఏ మీట నొక్కినా ముందు తనకు చెప్పమని ప్రోగ్రాము విండోస్‌ను కోరుతుంది. వచ్చిన మీటను చూసి వదిలేయవచ్చు, లేదా మింగేసి దాని బదులు తెలుగు అక్షరం పంపవచ్చు. తమాషా ఏమిటంటే, తాను పంపిందీ మళ్లీ తన కొక్కేనికే తగులుతుంది. అలాంటివాటికి విండోస్ ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చూసుకోకపోతే ప్రోగ్రాము తన అక్షరాలనే తిరిగి మారుస్తూ కూర్చుంటుంది. జవాబు ఆలస్యమైనా చిక్కే. విండోస్ 7 నుంచి, గడువు దాటే కొక్కేన్ని వ్యవస్థ చెప్పాపెట్టకుండా తీసేయగలదు.

అసలు కిటుకు 'అమ్మ'లోనే ఉంది. యూనికోడ్‌లో ఈ మాటకు నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మ. రెండో ఎం నొక్కేసరికి తెరపై 'అమ్మ్' ఉంటుంది. చివరి ఎ పడగానే ప్రోగ్రాము పొల్లును చెరిపేయాలి. అంటే అంతకుముందు ఏం నొక్కారో దానికి గుర్తుండాలి. మధ్యలో మౌస్‌తో వేరేచోట క్లిక్ చేస్తే ఆ లెక్క తప్పి, అక్కడి అక్షరం చెరిగిపోయే ప్రమాదమూ ఉంది.

గుర్తుంచుకున్నదాన్ని ఫైల్లో దాచి బయటికి పంపితే అదే ప్రోగ్రాము కీలాగర్ అవుతుంది. బ్యాంకు పాస్‌వర్డ్ కూడా వరుస మీటలే కదా! ఈ కొక్కెం తగిలించడానికి విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కులు అక్కర్లేదు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కితే వచ్చే తెర మాత్రం దానికి అందదు. మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి ఇలాంటి ప్రోగ్రాములకు వాడుకరి అనుమతి తప్పనిసరి. లినక్స్‌లోని వేలాండ్ పద్ధతిలో ఒక ప్రోగ్రాముకు వెళ్లే మీటలు మామూలుగా మరో ప్రోగ్రాముకు కనిపించవు. విండోస్ ఈ విషయంలో వెనకబడిందనే చెప్పాలి.

ఊరూపేరూ తెలియని ఉచిత టైపింగ్ ప్రోగ్రామును దించుకునే ముందు, విండోస్‌లోనే ఉన్న ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డును ప్రయత్నించవచ్చు. అలవాటు కావడానికి కొంత ఓపిక కావాలి. కానీ అందులో కొక్కెం ఉండదు, పాత మీటలు గుర్తుంచుకోవాల్సిన పనీ లేదు. 'అమ్మ'కు షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. నాలుగు నొక్కులకు నాలుగు సంకేతాలు.