మీకు తెలుసా? వశిష్ఠ సీమ బంగారు వరాహం

• నరసాపురం పక్కనుంచి కడలికి సాగే వశిష్ఠ, ధవళేశ్వరం దిగువన గోదావరి చీలిన పాయ. ఆ ధవళేశ్వరంలో తూర్పు చాళుక్య, చోళ బంగారు నాణేల నిధి బయటపడింది.

• రాజమహేంద్రవరం ఏలిన తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడి నాణెం పలుచని, వెడల్పాటి బంగారు రేకు. నడుమ వరాహం, దానిపై గొడుగు, పక్కన వింజామరలు. వెనకవైపు ఖాళీ.

• అంచు చుట్టూ ఒక్కో అక్షరాన్ని విడి ముద్రతో కొట్టేవారు. అందుకే అక్షరాల ఎడం, వాలు ఏ రెండు నాణేల్లోనూ అచ్చంగా ఒకేలా ఉండవు.

• కొన్నింటిపై రాజ్యపాలన సంవత్సరం కూడా ఉంటుంది. రాజరాజ నరేంద్రుడి పెదతండ్రి మొదటి శక్తివర్మ నాణేలపై ‘చాళుక్యచంద్ర’ బిరుదు కనిపిస్తుంది.

• ఈ నాణేలు బంగాళాఖాతం దాటి బర్మాలోని అరకాన్ తీరపు చెదూబా దీవిలోనూ, సయాంలోనూ దొరికాయి. మన తీరపు సముద్ర వర్తకానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి!

• గుర్తుంచుకోండి: భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. దొరికిన నాణేన్ని తోమకండి, కరిగించకండి. కరిగిస్తే మిగిలేది బంగారమే, చరిత్ర కాదు.